పీసీఓడీకి ఇచ్చిన హార్మోన్ మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరా?

మీరు రాసిందాన్ని బట్టి, అమ్మాయికి 22 ఏళ్లు, నెలసరి రెండు మూడు నెలలకోసారి గానీ రావడం లేదు, గుంటూరు కొత్తపేటలో చూపిస్తే పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం నెలనెలా సరిగ్గా విడుదల కాకపోవడం, మగ హార్మోన్ ఎక్కువవడం) అని 21 మాత్రల షీటు రాశారు, మందుల షాపతనేమో ఇవి ఫ్యామిలీ ప్లానింగ్ మాత్రలమ్మా అన్నాడు, మీ తోడికోడలు విని సంబంధాలు చూస్తున్న పిల్లకి ఇవేంటని గొడవ. ఇంతే కదండీ.

షాపతను చెప్పింది నిజమే. అవే మాత్రలు. ఈస్ట్రోజన్, దాంతోపాటు ప్రొజెస్టిరాన్ లాంటి ఇంకో హార్మోన్, రెండూ కలిపి ఒకే మాత్రలో ఉంటాయి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో మాలా-ఎన్ అని ఊరికే ఇచ్చేవీ ఈ కోవలోవే. నేను విజయవాడలో పెళ్లికి ముందు ఇలాంటివే వాడాను, మా ఇంట్లోనూ అచ్చం ఇదే రభస, మా మేనత్త అయితే అమ్మతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆపేశాక పెళ్లయింది, బాబు పుట్టాడు, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. నా ఒక్కదాని అనుభవమనే కాదు, మాత్ర వాడినన్నాళ్లే అండం విడుదల ఆగుతుంది, మానేస్తే మళ్లీ మొదలవుతుంది. తర్వాత గర్భం ఆలస్యమైతే సాధారణంగా దానికి కారణం ముందు నుంచీ ఉన్న పీసీఓడీయే, నింద మాత్రం మాత్ర మీద పడుతుంది.

నెలల తరబడి నెలసరి రాకపోతే రాకపోనీలే అనుకుంటాం, కానీ లోపల గర్భసంచి పొర మందంగా పెరుగుతూ పోతుంది, అదలా ఏళ్ల తరబడి సాగడం మంచిది కాదు. మాత్ర ఆ పొరను పలచగా ఉంచుతుంది. మగ హార్మోన్ ప్రభావం కూడా తగ్గుతుంది కాబట్టి మొటిమలు నెమ్మదిస్తాయి, గడ్డం మీద వెంట్రుకలకు మాత్రం ఆరు నెలలైనా ఓపిక పట్టాలి.

నన్నడిగితే టెన్షన్ పడాల్సింది పిల్లల గురించి కాదు. సూర్యారావుపేటలో నేను చూపించుకున్న డాక్టరమ్మ చీటీ రాసే ముందు బీపీ చూశారు, సిగరెట్ అలవాటుందా అని అడిగారు (మా అమ్మ ముఖం చూడాలి అప్పుడు), ఇంట్లో ఎవరికైనా కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందా అని అడిగారు, తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు వంకర గీతలు, మెరుపులు కనిపిస్తాయా అని కూడా. మా పిన్ని కూతురికి సరిగ్గా ఆ తలనొప్పే ఉంది, దాంతో తనకు ఈ మాత్రలు వద్దని వేరే మందు ఇచ్చారు. అలాంటి మైగ్రేన్‌లో ఈస్ట్రోజన్ పడితే పక్షవాతం ముప్పు పెరుగుతుందట. గడ్డకట్టే ముప్పు చిన్నదే, మాత్ర వాడని వాళ్లలో ఏడాదికి 10,000 మందిలో ఇద్దరికి వస్తే, వాడేవాళ్లలో మాత్ర రకాన్ని బట్టి ఐదు నుంచి పన్నెండు మంది దాకా. చిన్నదని తెలియకుండా ఉండకూడదు కదా: ఒక కాలే వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, చూపు తేడాగా అనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. టీబీ మందులు గానీ మూర్ఛ మందులు గానీ వాడుతుంటే అదీ ముందే చెప్పాలి.

మొదట్లో నాకు కడుపులో తిప్పేది, పొద్దున మానేసి రాత్రి అన్నం తిన్నాక వేసుకోవడం మొదలుపెట్టాక తగ్గింది. రెండో షీటు మధ్యలో కొంచెం మరకలు కనిపించాయి, మొదటి మూడు నెలల్లో అది మామూలే అన్నారు. షీటు వెనక రేకు మీద వారాల పేర్లు, బాణం గుర్తులు ఉంటాయి, ఆ వరసలో వేసుకుంటే ఇవాళ్టిది వేసుకున్నానా లేదా అన్న అనుమానం ఉండదు. ఒకరోజు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకుని, ఆ రోజుది మామూలు టైముకే వేసుకోవాలి. 21 అయ్యాక ఏడు రోజుల ఖాళీలో నెలసరిలా వస్తుంది, ఎనిమిదో రోజు ఇంకా పూర్తిగా తగ్గకపోయినా కొత్త షీటు మొదలుపెట్టాల్సిందే.

వరలక్ష్మీ వ్రతమనో పెళ్లనో నెలసరి వెనక్కి జరపడానికి మనవాళ్లు అడిగి కొనే మాత్ర వేరండోయ్, అందులో సాధారణంగా ఒకటే హార్మోన్. దాన్ని, దీన్ని కలిపి చెప్పే సలహాలు పట్టించుకోకండి.

ఇక ఇది పీసీఓడీని పూర్తిగా నయం చేసే మందు కాదు. నేను ఆపాక మళ్లీ తేదీలు తప్పాయి, నడక మొదలుపెట్టి బరువు కొంత తగ్గాకే దారిలో పడ్డాయి. రాసినన్ని షీట్లు అయిపోయాక పాత చీటీ పట్టుకుని షాపులో కొనేయకుండా మళ్లీ బీపీ చూపించుకుని, కొనసాగించాలా ఆపాలా అని అక్కడే అడగండి. మీరొక్కరే వెళ్లి మాట్లాడి రావద్దు, అమ్మాయిని తీసుకెళ్లండి, ఆ తలనొప్పి సంగతి తనే సరిగ్గా చెప్పగలదు.