ఐసీయూలో డయాలసిస్ చేస్తుంటే పేషెంటుకి ఏం తెలుస్తుంది?

మీ నాన్నగారికి ఐసీయూలో డయాలసిస్ మొదలుపెట్టారని, ఆయనకి నొప్పి ఉంటుందా, మీరేం చేయగలరని అడిగారు. నేను చాలా ఏళ్లుగా డయాలసిస్ చేయించుకుంటున్నాను. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు ఐసీయూలోనూ చేశారు.

రక్తం బయటికి వెళ్లి శుభ్రమై రావడంలో నొప్పి ఉండదు. మెడలో క్యాథెటర్ (రక్తం బయటికి తీసి తిరిగి పంపే ట్యూబు) వేసేటప్పుడు ఆ చోట మత్తు ఇచ్చారు, గట్టిగా ఒత్తినట్టు తెలిసిందంతే. కానీ మెడ కాస్త వంచితే ట్యూబు నొక్కుకుని మెషిన్ అలారం కొట్టేది, కొట్టినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. చాలావరకు అవి ట్యూబులో ప్రెషర్ మారినందుకు వచ్చేవేనని ఒక సిస్టర్ చెప్పాకే టెన్షన్ తగ్గింది. ఆ మాట మీరు ఆయనకి ముందే చెప్పండి.

బయట సెంటర్లో నాలుగు గంటల్లో ముగిసేది ఐసీయూలో 6 నుంచి 12 గంటలు పట్టవచ్చు. సీఆర్ఆర్‌టీ (ఆపకుండా నెమ్మదిగా చేసే డయాలసిస్) అయితే రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. బీపీ నిలవనివాళ్లు వేగంగా నీరు తీస్తే తట్టుకోలేరు, అందుకే ఇలా నెమ్మదిగా చేస్తారు. ఎక్కువసేపు పెట్టారని కంగారుపడకండి.

నన్ను బాగా బాధపెట్టినవి చలి, దాహం. రక్తం ట్యూబుల్లో తిరుగుతూ చల్లబడుతుంది, ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదు. వణుకుతుంటే సిస్టర్‌కి చెప్పి తీరాలి. అది ఇన్ఫెక్షన్ వల్ల కూడా కావచ్చు, పైగా ఒళ్లు చల్లబడటం వల్ల జ్వరం ఉన్నా బయటపడకపోవచ్చు. ఇక నోరు పిడచకట్టుకుపోయేది. జాలిపడి నీళ్లు తాగించకండి, తడి దూదితో పెదాలు తుడవచ్చా అని అడగండి. దానికే నాకు ప్రాణం లేచివచ్చేది.

బీపీ పడిపోయే ముందు నాకు వరసగా ఆవలింతలు వచ్చేవి, కడుపులో తిప్పేది, పిక్కలు పట్టేసేవి. ఆయనకి ఎలా ఉంటుందో ఆయన్నే అడగండి. వెంటిలేటర్ మీద ఉండి మాట్లాడలేకపోతే అవునంటే చెయ్యి నొక్కమనండి. మానిటర్ బీపీ ఎంతో చూపిస్తుంది, వికారంగా ఉందని చెప్పదు కదా.

రాత్రో పగలో తెలియక, లేనివాళ్లు గదిలో ఉన్నట్టు కనిపించి నేను హడలిపోయాను. దాన్ని డెలిరియం అంటారు, ఐసీయూలో చాలామందికి వస్తుంది. మీరెవరో, ఆయన ఎక్కడున్నారో, ఇవాళ ఏ రోజో వెళ్లిన ప్రతిసారీ చెప్పండి. కళ్లజోడు, వినికిడి మెషిన్ ఉంటే ఇప్పించండి. వింతగా మాట్లాడితే ఆయనతో వాదించవద్దు, డాక్టర్‌కి చెప్పండి.

ఆయనకి చేతిలో ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళాలు) ఉంటే ఆ చేతికి బీపీ పట్టీ కట్టొద్దని, రక్తం తీయొద్దని డ్యూటీ మారినప్పుడల్లా గుర్తుచేయండి. ఇంతకుముందు కిడ్నీలు బాగానే ఉండి ఈ జబ్బుతోనే దెబ్బతింటే, కొందరికి కొన్ని వారాల్లో కోలుకుని డయాలసిస్ ఆగిపోతుంది. మూత్రం ఎంత వస్తోందో రోజూ అడుగుతూ ఉండండి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) డయాలసిస్ వల్ల కూడా తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్క రిపోర్టు చూసి కిడ్నీలు బాగుపడ్డాయని అనుకోకండి.