టాప్ మీద పాకుడు, వెనక అద్దం మసక: ఏం పెట్టి కడగాలి?

“అన్నా, సియాటెల్ పక్కన రెడ్‌మండ్ వచ్చి ఏడు నెలలైంది. సెకండ్ హ్యాండ్‌లో 1996 మాజ్డా మియాటా కొన్నాను, పైకప్పు (టాప్) మడిచి దించేసే కన్వర్టబుల్ కారు. చలికాలమంతా అపార్ట్‌మెంట్ బయట చెట్టు కిందే ఉంది. టాప్ మీద పచ్చగా పాకుడు పట్టింది. వెనక అద్దంలోంచి ఏమీ కనబడట్లేదు. ఏం పెట్టి కడగాలి?”

తమ్ముడూ, ముందు ఒక సంగతి. నీ కారు వెనక ఉన్నది అసలు అద్దం కాదు, మెత్తటి ప్లాస్టిక్ షీటు. అది తెలియకే నేను నా మొదటి కన్వర్టబుల్‌ని చేజేతులా పాడుచేసుకున్నాను. ఇంటి కిటికీలకి వాడే స్ప్రే కొట్టి, వంటింటి పేపర్ టవల్‌తో బరబరా తుడిచాను. అలాంటి స్ప్రేల్లో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, ప్లాస్టిక్‌కి అది పడదు. పేపర్ టవల్ సన్నటి గీతలు పెడుతుంది. కొన్నాళ్ళకి వెనక వచ్చే కార్ల హెడ్‌లైట్లు పాలలో దీపాల్లా కనిపించేవి.

నువ్వు ముందు ధారాళంగా నీళ్ళు పోసి దుమ్ము కిందికి జారిపోనివ్వు. పొడి దుమ్ము మీద గుడ్డ వేశావంటే గీత పడ్డట్టే. తర్వాత కారు షాంపూ నీళ్ళలో ముంచిన మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి తుడువు, గుండ్రంగా తిప్పకు. ఆరబెట్టేటప్పుడు అద్దు, రుద్దకు. ఆటో పార్ట్స్ షాపులో ప్లాస్టిక్ పాలిష్ దొరుకుతుంది, పైపై మసకైతే దాంతో పోతుంది. పసుపు రంగుకి తిరిగి పెళుసెక్కితే మాత్రం ఏ పాలిషూ పనిచేయదు. నీ మోడల్‌లో ఆ కిటికీ జిప్‌తో ఊడి వస్తుంది కాబట్టి, అదొక్కటే మార్పించుకోవచ్చు. అన్నట్టు, టాప్ దించే ముందు ఆ జిప్ తీసి కిటికీని వెనక్కి పరచడం అలవాటు చేసుకో, లేకపోతే మడత దగ్గర గీత పడుతుంది. గడ్డకట్టే చలిలో అసలు దించకు. నేను ఓ జనవరి ఉదయం ఎండ చూసి ముచ్చటపడి దించాను. టప్‌మని ఒక్క చప్పుడు. మూల నుంచి జానెడు చీలిక.

ఇక టాప్. నీ కాలపు మియాటాలకి కంపెనీ వేసింది వినైల్, అంటే మన రెక్సిన్ లాంటిదే. పాత ఓనరు గుడ్డ టాప్ వేయించి ఉండొచ్చు, చేత్తో తడిమితే తెలుస్తుంది. ఏదైనా సరే మెత్తటి బ్రష్షు, కారు షాంపూ, బోలెడు నీళ్ళు చాలు. పాకుడు ఒక్కసారికి పోదు, రెండు మూడు విడతలుగా కడుగు. పోలేదు కదా అని బ్లీచ్ జోలికి వెళ్ళకు, కుట్ల దారం చివికిపోతుంది. కొబ్బరి పీచు, సర్ఫ్ పొడి మన ఊరి అంట్లకి వదిలేద్దాం. ప్రెషర్ వాషర్ కుట్ల దగ్గరికి రానివ్వకు. తిరిగే బ్రష్షుల ఆటోమేటిక్ వాష్‌కి కూడా వెళ్ళకు.

బాగా ఆరాక రెక్సిన్‌కి వినైల్ ప్రొటెక్టెంట్, గుడ్డకి నీళ్ళు ఇంకకుండా చేసే ఫ్యాబ్రిక్ స్ప్రే వాడాలి. ఒకదానికి కొనింది ఇంకోదానికి కొట్టకు. కొట్టే ముందు పెయింటు మీద, కిటికీల మీద పాత దుప్పటి కప్పు. సియాటెల్ వైపు జులై, ఆగస్టుల్లో ఎక్కువగా పొడిగా ఉంటుంది కాబట్టి ఆ పని అప్పుడు పెట్టుకో. టాప్‌ని మాత్రం తడిగా ఎప్పుడూ మడవకు. తడి గొడుగు మడిచి మూలన పడేస్తే ఎలా కంపు కొడుతుందో తెలుసుగా!

కడగడం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వద్దు. ఇక్కడ వాన కాలువలో పడ్డ సబ్బునీళ్ళు శుద్ధి కాకుండానే సాల్మన్ చేపలు ఈదే వాగుల్లోకి పోతాయి. కాయిన్లు వేసి మనమే కడుక్కునే వాష్‌కి తీసుకెళ్ళు.

అందరూ మరిచిపోయేది డ్రెయిన్లు. టాప్ మీద పడ్డ వాన సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న రంధ్రాల్లోంచి, వెనక చక్రాల ముందు నేల మీదికి దిగాలి. చెట్టు కింద పెట్టావన్నావు, ఆ సూదుల్లాంటి ఆకులు ఈపాటికి అందులో చేరే ఉంటాయి. ఒక్కో రంధ్రంలో కప్పు నీళ్ళు నెమ్మదిగా పోసి, వంగి కింద చూడు. రాకపోతే గడ్డి కోసే ట్రిమ్మర్ నైలాన్ తీగ మెల్లగా దించి కదుపు. గాలి గట్టిగా కొట్టించకు, లోపలి గొట్టం ఊడిపోతుంది. అది మూసుకుపోతే నీళ్ళు కార్పెట్ కిందికి చేరి, వాసన వచ్చేదాకా నీకు తెలియదు.

తలుపు అద్దాలు నిజం గాజే, వాటికి ఏ క్లీనరైనా సరే. వాటికి ఆనుకునే రబ్బరుకి మాత్రం చలి మొదలవకముందే సిలికాన్ గ్రీజు పల్చగా రాయి. మంచు పడ్డ రోజు అద్దం రబ్బరుకి అతుక్కోకుండా ఉంటుంది.

టాప్ కడగడానికి గుర్రపు వెంట్రుకల మెత్తటి బ్రష్షు నా దగ్గరుంది, కొనకు. శనివారం ఎండగా ఉంటే వచ్చి తీసుకెళ్ళు.