బాబు నిక్కరులో మరకలు: అవి లూజ్ మోషన్లు కావు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖపట్నం, గాజువాక. మా బాబుకి ఐదేళ్లు, యూకేజీ చదువుతున్నాడు. బరువు 18 కిలోలు. ఆరు నెలలుగా రోజుకి మూడు నాలుగు సార్లు నిక్కరులోనే కొద్దికొద్దిగా మోషన్ అయిపోతోంది. అడిగితే ‘నాకు తెలీలేదు’ అంటాడు. లూజ్ మోషన్లనుకుని మందులు వేశాం, ఓఆర్‌ఎస్ పట్టాం, తగ్గలేదు. నాలుగైదు రోజులకోసారి మాత్రం చాలా లావుగా, గట్టిగా వెళ్తాడు. ఆ రోజంతా ఏడుపే. స్కూలు నుంచి ఫోన్లు వస్తున్నాయి. మా అత్తగారు ఆముదం పట్టమంటున్నారు. వాడు కావాలనే చేస్తున్నాడని వాళ్ల నాన్న రెండుసార్లు కొట్టారు కూడా. ఏం చేయమంటారు?

జవాబు: ‘నాలుగైదు రోజులకోసారి లావుగా, గట్టిగా’ అని మీరు రాసిన ఆ ఒక్క ముక్కలోనే రోగం పేరు ఉందమ్మా. మీ బాబుది విరేచనాల జబ్బు కాదు, ముదిరిన మలబద్ధకం. లోపల గట్టిపడిన మలం దారికి అడ్డంగా కూర్చుంది. పైనుంచి వచ్చే పలచటి మలం దాని పక్కల నుంచి జారి నిక్కరులో పడుతోంది. విరేచనాలు ఆపే మందు వేస్తే ఆ గడ్డ ఇంకా గట్టిపడుతుంది.

చాలామంది పిల్లల్లో ఇది ఒక నొప్పితో మొదలవుతుంది. జ్వరమొచ్చి తగ్గాకో, ఎండాకాలంలో నీళ్లు సరిగా తాగకో, కొత్తగా బడిలో చేరి అక్కడి బాత్రూంకి వెళ్లడానికి జంకో, ఒకసారి మోషన్ గట్టిగా వస్తుంది. మలద్వారం అంచు చిట్లుతుంది. ఆ మంట గుర్తున్న పిల్లాడు తర్వాతిసారి వచ్చినప్పుడు బిగబడతాడు. గమనించి చూడండి: తలుపు వెనకో, సోఫా పక్కనో నిలబడి, కాళ్లు కత్తెరలా అడ్డంగా వేసి, మునివేళ్ల మీద లేచి, ముఖం ఎర్రగా చేసుకుంటాడు. ముక్కుతున్నాడని పెద్దవాళ్లు అనుకుంటారు. నిజానికి వాడు రాకుండా ఆపుకుంటున్నాడు. ఆపిన మలంలోని నీటిని పేగు పీల్చేస్తుంది, అది ఇంకా గట్టిపడుతుంది, ఈసారి ఇంకా నొప్పి. నెలల తరబడి ఇలా సాగితే మలద్వారానికి పైనుండే పేగు సాగిపోయి, ‘వస్తోంది’ అన్న కబురు మెదడుకు పంపడం మానేస్తుంది. అందుకే వాడు ‘తెలీలేదు’ అన్నది అబద్ధం కాదు. వాసన కూడా వాడి ముక్కుకు అలవాటైపోయి ఉంటుంది. వాళ్ల నాన్నగారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. కొట్టిన ప్రతిసారీ బిగబట్టడం పెరుగుతుంది.

మందు మొదలుపెట్టే ముందు పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. పొట్ట కింది భాగంలో, ఎక్కువగా ఎడమ పక్క, చేతికి గడ్డ తగులుతుంది. మామూలుగా ఎక్స్‌రే అక్కర్లేదు. పుట్టాక మొదటి నల్ల విరేచనం 48 గంటలు దాటాక అయిందా, నెల లోపు వయసులోనే మలబద్ధకం మొదలైందా అన్నది గుర్తు తెచ్చుకుని చెప్పండి. బరువు పెరగకపోయినా, పొట్ట బాగా ఉబ్బినా, ఆకుపచ్చగా వాంతులైనా, నడుము కింద వెన్ను మీద గుంట లేదా వెంట్రుకల కుచ్చు ఉన్నా, కాళ్లలో బలం తగ్గినా ఇది మామూలు మలబద్ధకం కాకపోవచ్చు. పేగులో నరాల లోపం, థైరాయిడ్, వెన్నుపాము సమస్య వంటివి చూడాలి. అలాంటి పరీక్షలు అవసరమైతే విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో పిల్లల విభాగం, పిల్లల సర్జరీ విభాగం రెండూ ఉన్నాయి. ఇవేవీ లేకపోతే, మీరు రాసిన లక్షణాలకు వైద్యం ఇంట్లోనే జరుగుతుంది.

మొదటి పని, లోపలున్నది పూర్తిగా ఖాళీ చేయడం. దీనికి పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి వాడతాం. ఇది ఒంటికి దాదాపు పట్టదు, నీటిని మలంలోనే పట్టి ఉంచి మెత్తబరుస్తుంది. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాములు, అంటే మీ బాబుకు రోజుకు 18 నుంచి 27 గ్రాములు, 3 నుంచి 6 రోజులు. ప్రతి 10 గ్రాములకు 100–150 మి.లీ. నీళ్లు పోసి కలిపి, రోజులో రెండు మూడు విడతలుగా తాగించండి. మెడికల్ షాపులో అడిగేటప్పుడు జాగ్రత్త: కొలనోస్కోపీకి ముందు పెద్దవాళ్ల పేగు కడగడానికి ఇచ్చే పెద్ద ప్యాకెట్‌లో కూడా ఇదే మందు, లవణాలతో కలిసి ఉంటుంది. అది మీకు వద్దు.

ఈ మూడు నుంచి ఆరు రోజులూ మరకలు తగ్గవు, పెరుగుతాయి. చాలా ఇళ్లలో వైద్యం ఆగిపోయేది ఇక్కడే: ‘మందు పడలేదు, మోషన్లు ఎక్కువయ్యాయి’ అని రెండో రోజే మానేస్తారు. అందుకే బడికి సెలవులున్నప్పుడు మొదలుపెట్టండి. గడ్డలు గడ్డలుగా పడి, తర్వాత గడ్డల్లేకుండా పలచగా వస్తే ఖాళీ అయినట్టు. ఆరు రోజులకూ ఏమీ పడకపోయినా, మధ్యలో వాంతులైనా, పొట్ట ఉబ్బినా ఆపి డాక్టరుకు చూపించండి. ఎనిమా అవసరమా అన్నది అక్కడ తేలుస్తారు. నోటి మందుతో పని జరిగే పిల్లాడికి కింద నుంచి ఏదీ పెట్టకపోవడమే మేలు. తమలపాకు కాడ, సబ్బు ముక్క ఇంట్లో ఎవరూ ప్రయత్నించవద్దు. అసలే ఆ చోటు ముట్టుకోనివ్వని పిల్లాడి భయం రెట్టింపవుతుంది. అత్తగారికి ఆముదం గురించి కూడా మర్యాదగా చెప్పండి: అది కడుపులో మెలితిప్పే నొప్పి తెస్తుంది, మీ బాబుకి నొప్పి గుర్తుండటమే అసలు సమస్య.

ఖాళీ అయిన మర్నాటి నుంచి అసలు వైద్యం మొదలు. అదే పొడి కిలోకు 0.4 గ్రాముల లెక్కన, అంటే రోజుకు సుమారు 7 గ్రాములు ఇవ్వండి. గట్టిగా వస్తే రెండు మూడు రోజులకోసారి కొంచెం పెంచండి, నీళ్లలా అయితే తగ్గించండి. మీ బాబుకి 4 నుంచి 14 గ్రాముల మధ్య ఎక్కడో కుదురుతుంది. రోజుకొకసారి, పండిన అరటిపండులా మెత్తగా, నొప్పి లేకుండా రావాలి. కనీసం రెండు నెలలు తప్పదు. ఆరు నెలల కథ కాబట్టి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. ‘అలవాటైపోతుందేమో’ అని అందరూ అడుగుతారు. ఈ మందుకు పేగు అలవాటు పడదు. సాగిన పేగు మళ్లీ బిగుసుకోవడానికి నెలలు పడుతుంది, ఈలోగా ఆపితే గడ్డ మళ్లీ కడుతుంది. పూర్తిగా బాగున్నాక ఇంకో నెల గడిచాకే, నెలకో పావు వంతు చొప్పున తగ్గించుకుంటూ రండి.

దీంతోపాటు కూర్చోబెట్టడం. తిన్న తర్వాత పేగు తనంతట తాను కదులుతుంది. కాబట్టి టిఫిన్ అయిన 15–20 నిమిషాలకు, రాత్రి అన్నం తర్వాత, 5 నుంచి 10 నిమిషాలు. పొద్దున్న వ్యాను హడావిడైతే అరగంట ముందు లేపండి. ఇండియన్ టాయిలెట్ ఉంటే ఇబ్బందే లేదు. వెస్టర్న్ కమోడ్ అయితే పిల్లాడి కాళ్లు గాలిలో వేలాడతాయి, పట్టు దొరకదు, కింద బిగుసుకుపోతాడు. మోకాళ్లు తుంటి కన్నా కాస్త పైకి వచ్చేలా కాళ్ల కింద ఓ పీట వేయండి. చేతికి సబ్బు బుడగలు ఊదే గొట్టం ఇవ్వండి. ఊదుతుంటే పొట్ట కండరం తోస్తుంది, కింద సడలుతుంది. ఫోన్ మాత్రం ఇవ్వొద్దు. క్యాలెండర్ మీద అతికించే స్టిక్కర్ బుద్ధిగా కూర్చున్నందుకు, మోషన్ వచ్చినందుకు కాదు.

తిండి విషయంలో పెద్ద మార్పులేం అక్కర్లేదు. పాలు రోజుకు 400 మి.లీ. దాటనివ్వకండి. పాలతోనే కడుపు నిండిన పిల్లాడు అన్నం, కూర ముట్టడు. ఈ వయసుకు పీచు రోజుకు 10 గ్రాములు చాలు. ఒక జామకాయలోనే సగం వచ్చేస్తుంది. చోడి (రాగి) అంబలి, ఆకుకూర పప్పు, చలికాలంలో తేగలు, మనకి కొదవేముంది! ఇసబ్‌గోల్ మాత్రం లోపల గడ్డ ఉండగా వేయకండి, దారి ఇంకా మూసుకుంటుంది. మన సముద్రపు ఉక్కకి చెమట ఎక్కువ, బడికి పంపిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగా తిరిగొస్తోందేమో చూడండి.

క్లాసు టీచరుతో ఒక్కసారి విడిగా మాట్లాడండి. చెయ్యెత్తి అడగకుండానే బాత్రూంకి వెళ్లనివ్వమనండి, బ్యాగులో ఒక నిక్కరు, కవరు పెట్టండి. రాత్రి పక్క తడిపే అలవాటు కూడా ఉంటే దానికి వేరే మందు ఇప్పుడే వద్దు. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కడం వల్ల కూడా అలా అవుతుంది, కొందరికి ఇది తగ్గాక అదీ తగ్గుతుంది. మందు తగ్గిస్తున్న రోజుల్లో మళ్లీ మరక కనిపించినా, రెండు రోజులు మోషన్ రాకపోయినా వారం ఆగి చూడకండి, ఆ సాయంత్రమే పాత మోతాదుకు వెళ్లిపోండి.