ఎక్స్-ఆన్-ప్రొవాన్స్: ‘ఎక్స్’ అంటే నీళ్ళే

దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊరి పేరులో ‘ఎక్స్’ ఏదో గ్రీకు మాటలా ఉందని, దాన్ని తెలుగులో ‘ఐక్స్’ అని రాయాలా ‘ఎక్స్’ అని రాయాలా అని అడిగారు కదండీ. ‘ఎక్స్’ అనే రాయండి, ఫ్రెంచి వాళ్ళు పలికేదీ అదే. మాట గ్రీకు కాదు, శుద్ధ లాటిన్.

క్రీ.పూ. 122లో సెక్స్టియస్ కాల్వినస్ అనే రోమన్ సేనాని అక్కడి సల్లువీ తెగను ఓడించి, వేడినీటి ఊటల పక్కన స్థావరం కట్టించాడు. ఊటలూ తన పేరూ కలిపి ‘ఆక్వె సెక్స్టియె’ అన్నారు, అంటే సెక్స్టియస్ నీళ్ళు. మరి చివర ఆ ‘స్’ ఎక్కణ్ణుంచి వచ్చింది? అసలు కిటుకు ఇక్కడే ఉంది. జనం నోట ఊరి పేరు ఎక్కువగా ‘ఫలానా చోట’ అనే రూపంలోనే నలుగుతుంది. లాటిన్‌లో ‘నీళ్ళ దగ్గర’ అనడానికి ‘ఆక్విస్’ అంటారు. మన దగ్గర ఒక ఊరికి ‘నీళ్ళకాడ’ అనే పేరు స్థిరపడిపోయినట్టన్నమాట. ఆ ‘ఆక్విస్’ అరిగి అరిగి ‘ఎక్స్’ అయింది.

‘ప్రొవాన్స్’ కూడా రోమన్ల ‘ప్రొవింకియా’యే, అంటే రాష్ట్రం.

నాకు వీటన్నిటికంటే ముచ్చటైనది ఫ్రాన్సులోనే ఉన్న డాక్స్ అనే ఊరి పేరు. అదీ వేడినీటి ఊరే. దాని పాత పేరు ‘ఆక్స్’, అదీ ‘నీళ్ళ’ మాటే. ఫ్రెంచిలో ‘ఆక్స్ యొక్క’ అనే అర్థంలో ముందు చేరే ‘ద్’ కాస్తా పేరుకే అతుక్కుపోయింది!