నాన్న లెక్క అమ్మాయికి చాలదు

ప్రశ్న: మేము బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాము. మా అమ్మాయికి పదిహేనేళ్లు, ఉదయం ఏడింటికే స్కూలు బస్సు వస్తుంది. మావారు బరువు తగ్గాలని ఫోన్‌లో కేలరీల లెక్క మొదలుపెట్టినప్పటి నుంచి అమ్మాయి కూడా ‘ఈ దోసెలో ఎన్ని?’ అని అడిగి, చివరికి కప్పు టీ తాగి వెళ్లిపోతోంది. మా అత్తగారేమో నేతి గిన్నె పట్టుకుని దాని వెంట పడుతున్నారు. ఉదయం పూట దానికి ఏం పెట్టమంటారు?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: ముందు మీవారి లెక్కనే చూద్దాము. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం కుర్చీలో కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు సుమారు 2,110 కేలరీలు చాలు. 13–15 ఏళ్ల అమ్మాయికి మాత్రం సుమారు 2,400 కావాలి. ఇనుము విషయంలో తేడా ఇంకా ఎక్కువ: ఆయనకు 19 మిల్లీగ్రాములైతే ఆమెకు 30. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది కనుక, టిఫిన్ మానేసి టీ తాగడం రెండు విధాలా నష్టమే. తాగక తప్పదంటే తిన్న గంట తరువాత ఇవ్వండి.

ఇడ్లీ, దోసెలను తప్పుపట్టవలసిన పని లేదు. పల్చటి కొబ్బరి చట్నీతో రెండు ఇడ్లీలు తిన్న పిల్లకు పదింటికే ఆకలి వేస్తుంది. అవే ఇడ్లీలకు పప్పు దండిగా పడిన సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు, లేదా పల్లీ చట్నీ తోడైతే మధ్యాహ్నం దాకా ఆగుతుంది. నన్నడిగితే పెసరట్టుకే నా మొదటి ఓటు. పెసలు పొట్టుతోనే రాత్రి నానబెట్టి, పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బితే చాలు, పులియబెట్టే పని కూడా లేదు. వంద గ్రాముల పెసలలో 24 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. పక్కన టమాటా పచ్చడో, ఒక జామ ముక్కో ఉంటే అందులోని విటమిన్ సి వల్ల ఇనుము బాగా పడుతుంది. మీ ఊళ్లో మంచి రాగిపిండికి కొదవ లేదు. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఆమెకు రోజుకు కావలసింది 1,000. పెరుగు కలిపిన రాగి అంబలి ఉదయానికి చక్కగా సరిపోతుంది. చలికాలంలో అక్కడ అవరెకాళు పేరుతో అమ్మే అనపగింజలు వేసి ఉప్మా చేస్తే, ఉప్మా అంటే ముఖం తిప్పుకునే పిల్లలు కూడా తింటారు.

ఏడింటికి ఆకలి లేదంటే బలవంతం చేయకండి. ఒక పెసరట్టు ఇంట్లో తినిపించి, రెండోది డబ్బాలో పెడితే మొదటి విరామంలో తింటుంది.

మీవారు తన లెక్క మానుకోనక్కరలేదు. దానిని ఫోన్‌లోనే ఉంచుకుని, భోజనాల బల్ల దగ్గర అంకెలు పైకి చదవకుండా ఉంటే చాలు. ‘లావయ్యావు’ అన్న మాటతో పాటు ‘సన్నబడ్డావు, బాగున్నావు’ అన్న మెచ్చుకోలు కూడా ఈ వయసులో వద్దు. మీ అత్తగారిది ప్రేమే అయినా, ఆవిడ కూడా పిల్ల ఒళ్లు చూసే కొలత వేస్తున్నారు. చిన్న చెంచా నెయ్యి అంటే దాదాపు 45 కేలరీలు, పోట్లాడుకునేంత విషయం కాదు. వేడి ఇడ్లీ మీద కారప్పొడిలో వేసుకుంటానని పిల్లే అడిగితే వేయనివ్వండి.

అయితే నెలసరి ఆగిపోయినా, తరచూ కళ్లు తిరుగుతున్నా, బరువు గబగబా తగ్గుతున్నా, తిన్నానని అబద్ధం చెబుతున్నా, తిన్నది కక్కేస్తున్నట్టు అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుడికి చూపించండి. తిండి అంటేనే భయపడుతోందనిపిస్తే మీ నగరంలోని నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి తీసుకువెళ్లడం మంచిది.