తొలి ఎయిర్ పిస్టల్ కోసం లక్షా అరవై వేల అప్పు చేయవచ్చా?

విశాఖ గాజువాకలో అద్దెకు ఉంటూ పరవాడలోని ఒక ఔషధ కంపెనీలో పనిచేస్తున్న 31 ఏళ్ల పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయనకు జీతం చేతికి 47,000 రూపాయలు వస్తుంది. భార్య, మూడేళ్ల పాప, తల్లి ఆయన మీదే ఆధారపడి ఉన్నారు. అద్దె, సరుకులు, అమ్మగారి మందులు, బండి వాయిదా కలిపి తప్పనిసరి ఖర్చు 34,000. ఇరవై నెలల లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 చొప్పున 11 నెలలు కట్టారు, ఇంకా పాడుకోలేదు. బ్యాంకులో 38,000 ఉంది. మూడు నెలలుగా ఆదివారాల్లో షూటింగ్ రేంజ్‌కు వెళ్లి క్లబ్ పిస్టల్‌తో సరదాగా గురి సాధన చేస్తున్నారు, పోటీల ఆలోచన లేదు. పరిచయస్తుడొకరు తాను వాడిన మొరీనీ కంపెనీ పోటీ స్థాయి ఎయిర్ పిస్టల్‌ను 1,60,000కు ఇస్తానని, ఆదివారంలోగా 10,000 అడ్వాన్సు ఇవ్వాలని అంటున్నారు. లోన్ యాప్‌లో ఏడాదికి 26 శాతం వడ్డీకి 24 నెలల అప్పు సిద్ధంగా ఉంది. "అప్పు తీసుకోనా, చీటీ పాడుకోనా? మళ్లీ అమ్మినా ధర పలుకుతుంది కాబట్టి ఇది ఒకరకంగా పెట్టుబడే కదా?" అని ఆయన అడిగారు.

అడ్వాన్సు ఇవ్వకండి. అప్పు తీసుకోకండి. చీటీ పాడుకోకండి. కారణాలు వివరంగా రాస్తాను, ఎందుకంటే కెమెరా కోసం, బుల్లెట్ బండి కోసం, ఇంట్లో జిమ్ కోసం ఇదే పొరపాటు చేసిన తర్వాత నాకు రాసేవారు చాలామంది ఉన్నారు. మీరు చేయకముందే రాశారు, అది చాలా మంచి పని.

ముందు అప్పు లెక్క చూద్దాం. 1,60,000కు 26 శాతం చొప్పున 24 నెలలకు వాయిదా సుమారు 8,620 పడుతుంది, మొత్తం కట్టేది 2,06,880. మీరు పంపిన పత్రంలోనే ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అని ఉంది. అంటే 5,664 ముందే కోసుకుని మీ ఖాతాలో 1,54,336 మాత్రమే వేస్తారు, కానీ వడ్డీ లక్షా అరవై వేల మీదే కడతారు. తప్పనిసరి ఖర్చు, చీటీ పోగా మీకు నెలకు మిగిలేది 8,000. వాయిదా దానికంటే 620 ఎక్కువ. అంటే ఒక్క పెల్లెట్ (పిస్టల్‌లో వేసే చిన్న గుండు) కొనకముందే, రేంజ్ రుసుము కట్టకముందే, పాపకు జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లకముందే మీరు ప్రతి నెలా లోటులో ఉంటారు. ఇంత స్పష్టంగా కనిపిస్తున్న లోటును యాప్ వాడు చూడడు, చూడాల్సిన అవసరం వాడికి లేదు. మీరు కూడా చూడకపోవడమే నాకు బాధ కలిగించింది.

ఇప్పుడు మరో లెక్క. మీ తప్పనిసరి ఖర్చు 34,000కు ఆరు నెలల అత్యవసర నిధి ఎంతో తెలుసా? 2,04,000. ఆ పిస్టల్ కోసం మీరు రెండేళ్లలో చెల్లించబోయిన సొమ్ము దాదాపు అంతే. ప్రస్తుతం మీ దగ్గరున్న 38,000 నెలా నాలుగు రోజుల ఖర్చుకు సరిపోతుంది.

విశాఖలో ఉండేవారికి అత్యవసర నిధి గురించి నేను వేరే చెప్పాల్సిన అవసరం ఉండకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తర్వాత మా వీధిలో కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు రోడ్డు మలుపు దాటాయి. జనరేటర్ తెచ్చి ట్యాంకుల్లోకి నీళ్లెక్కిస్తామన్న కుర్రాళ్లు ఇంటికింత అని నగదు అడిగారు. మా పక్కింటాయన దగ్గర రెండు క్రెడిట్ కార్డులు ఉన్నాయి, ఇంట్లో ఉన్న నగదు మాత్రం 340 రూపాయలు. మా గుమ్మంలో నిలబడి, తల వంచుకుని, ఐదు వందలు సర్దగలరా అని ఆయన అడిగిన తీరు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే ఈ నిధిలో పదివేలు ఇంట్లోనే నగదుగా ఉంచమని, మిగిలినది విడిగా ఒక బ్యాంకు ఖాతాలోనో లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టమని, దాన్ని బండి సర్వీసుకు, పండగ బట్టలకు, పిస్టల్‌కు ముట్టుకోవద్దని నేను పదేపదే చెబుతుంటాను. ప్రైవేటు ఉద్యోగంలో ఉంటూ ముగ్గురిని పోషిస్తున్న మనిషికి తుపానే రానక్కర్లేదు, రెండు నెలల జీతం ఆగినా చాలు.

ఇక పెట్టుబడి అన్న మాటకు వస్తాను. మీరు పంపిన ఫొటోలో సిలిండర్ మీద 2016 అని చెక్కి ఉంది. గాలిని దాదాపు 200 బార్ ఒత్తిడిలో (బయటి గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) దాచే ఈ పోటీ పిస్టళ్ల సిలిండర్లకు తయారీ తేదీ నుంచి సాధారణంగా పదేళ్ల గడువు ఉంటుంది, పోటీల్లో గడువు చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే. ఆ సిలిండర్ ఆయుష్షు తీరిపోయింది లేదా తీరవచ్చింది. కొత్త సిలిండర్ మీ ఖర్చు. మీరు ఎడమచేతి వాటమని రాశారు, కానీ ఫొటోలోని చెక్క గ్రిప్ (పిడి) కుడిచేతిది, ఆ బొటనవేలి గుంట మీకు ఎటూ నప్పదు. గ్రిప్ కూడా మీ ఖర్చే. గాలి నింపడానికి చేతి పంపో, స్కూబా సిలిండరో కావాలి, అదీ మీదే. మీకు అమ్ముతున్న వ్యక్తి ఇవేవీ 1,60,000లో కలపలేదు. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవారు ఇవే లోపాలు ఎత్తిచూపి ధర తగ్గిస్తారు. ఎంత మంచి పిస్టల్‌కైనా మరమ్మతు తప్పదు. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి. ఆమె 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలతో తిరిగి నిలబడ్డారు. ఆమె వెనుక కోచ్‌లు, మరమ్మతు చేసేవారు ఉన్నారు. మీ వెనుక 38,000 ఉంది.

అసలు మీకు ఆ స్థాయి పిస్టల్ అవసరమా అన్నది కూడా ఆలోచించండి. పది మీటర్ల కాగితపు లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే, నిజమే. కానీ మూడు నెలల సాధనలో గుండు దాన్ని తప్పడానికి కారణం చాలావరకు మణికట్టు, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కే తీరు. వాటిని క్లబ్ పిస్టల్‌తోనే సరిచేసుకోవచ్చు. సరదా సాధనకు సొంతంగా కొనాలనుకున్నప్పుడు, మీటను ఒక్కసారి లాగితే గాలి నిండే రకం మీకు సరిపోతుంది. దానికి సిలిండర్ లేదు, గడువు లేదు, పంపు లేదు, కుదుపూ దాదాపు ఉండదు. దేశీయ స్ప్రింగ్ పిస్టళ్లు ఇంకా చవక, కాకపోతే స్ప్రింగు కదలిక చేతిని కదిలిస్తుంది. సీఓ2 క్యాప్సూల్ రకం వద్దు, 12 గ్రాముల క్యాప్సూల్ ఖర్చు ఆగదు. స్టీలు గుళ్లు వేసే బొమ్మలాంటివి అసలే వద్దు, వాటి గొట్టంలో గుండును తిప్పే మెలికల గాడులు ఉండవు కనుక కాగితం మీద గురి నిలవదు. కొనే ముందు ఎడమచేతికి పట్టే గ్రిప్ ఉందో లేదో చేతిలో పట్టి చూడండి. బోరు (గొట్టం లోపలి వ్యాసం) 0.177 అంగుళాలు దాటకుండా, శక్తి 20 జౌళ్ల లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు, అయినా బిల్లు భద్రంగా ఉంచుకోండి. మన సముద్రపు గాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది, కాల్చిన ప్రతిసారీ పైభాగాన్ని నూనె గుడ్డతో తుడవాలి. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది కాబట్టి తాళం వేసే పెట్టె లేకుండా పిస్టల్‌ను గడప దాటించవద్దు.

చీటీ సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఇప్పుడు పాడుకుంటే తగ్గింపు రూపంలో పెద్ద మొత్తం వదులుకుంటారు, మిగిలిన 9 వాయిదాలు ఎలాగూ కట్టాలి. చివరిదాకా ఆగండి.

మీ మిగులు 8,000లో 6,000 అత్యవసర నిధికి, 2,000 రేంజ్ రుసుముకూ పెల్లెట్లకూ పెట్టండి. వారానికి 80 చొప్పున కాలిస్తే 500 పెల్లెట్ల డబ్బా ఆరు వారాలు వస్తుంది. తొమ్మిది నెలల తర్వాత నిధి 92,000 అవుతుంది. అప్పుడు చీటీ ముగిసి కమిషన్ పోను సుమారు 95,000 చేతికొస్తుంది, అదీ నిధిలోనే వేయండి. ఆ తర్వాత ఇక కట్టనక్కర్లేని చీటీ వాయిదా కూడా కలిపి నెలకు 11,000 చొప్పున వేస్తే పదకొండో నెలలో 2,04,000 దాటుతారు. ఈలోగా కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుందని గుర్తుంచుకుని కుటుంబానికి విడిగా పాలసీ, మీ పేరిట టర్మ్ బీమా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. ప్రీమియం కోసం నిధి ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు.

నిధి నిండిన తర్వాత అదే 11,000ను నాలుగు నెలలు పక్కన పెడితే 44,000 అవుతుంది. ఆ డబ్బుతో పిస్టల్, తాళం పెట్టె, రెండు డబ్బాల పెల్లెట్లు కొనండి, 44,000 దాటనివ్వకండి. ఈ ఆదివారం మాత్రం అమ్మే ఆయనకు ఫోన్ చేసి వద్దని మర్యాదగా చెప్పి, రేంజ్‌లో కోచ్ గారిని ఎడమచేతి గ్రిప్ ఉన్న క్లబ్ పిస్టల్ ఏదైనా ఉందేమో అడగండి.