ఇంగ్లండులో పోస్టులో వచ్చే మలపరీక్ష కిట్టు: ఓ విశాఖ దంపతుల సందేహం

ప్రశ్న: మా ఆవిడ మాధవధారలో చాలా ఏళ్లు లెక్కల టీచరుగా చేసి, నిరుడు ఇంగ్లండులో స్కూలు ఉద్యోగానికి వెళ్లింది. వయసు 52. నేను షిప్‌యార్డులో వీఆర్‌ఎస్ తీసుకున్నాను, 55. రెండు నెలల్లో నేనూ బయల్దేరుతున్నాను. మొన్న ఆవిడ పేరున ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) వాళ్ల కవరొకటి వచ్చింది. అందులో చిన్న సీసా, మలం కాస్త తీసి పోస్టులో పంపమని కాగితం. ‘నాకేదో ఉందని వీళ్లకెవరు చెప్పారు?’ అని ఒకటే బెంగ. ఇది వీసాకేమైనా సంబంధించిందా? పంపకపోతే ఏమవుతుంది? నాకూ వస్తుందా? (నాకు పైల్స్ ఉన్నాయి. అప్పుడప్పుడు రక్తం పడుతుంది, గాజువాకలో షాపువాడిచ్చే మందుకి తగ్గిపోతుంది. అది వేరే సంగతి.)

జవాబు: ముందు ఆవిడకి ఫోన్ చేసి ధైర్యం చెప్పండి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇది పెద్దపేగు క్యాన్సరుని ముందే పట్టుకోవడానికి చేసే పరీక్ష. ఇంగ్లండులో జీపీ (మన ఫ్యామిలీ డాక్టరు లాంటివాడు) దగ్గర పేరు నమోదై, 50 నుంచి 74 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి ఒక్కరికీ రెండేళ్లకోసారి ఈ కవరు వస్తుంది. పక్కింటి తెల్లావిడకీ వస్తుంది, మీ ఆవిడ స్కూలు హెడ్మాస్టరుకీ వస్తుంది. ఒకప్పుడు 60 దాటాకే పంపేవారు, 2021 నుంచి కొంచెం కొంచెంగా 50కి దించారు. వీసాకీ దీనికీ సంబంధం లేదు. రూపాయి ఖర్చు లేదు. పంపకపోతే గుర్తు చేస్తూ ఇంకో ఉత్తరం వస్తుంది, అంతే. జరిమానా ఉండదు, ఎవరూ తలుపు కొట్టరు. అందుకే మనవాళ్లు చాలామంది ఆ కవరుని బాత్రూం అల్మారాలో పడేసి, గడువు తేదీ దాటాక చెత్తబుట్టలో వేస్తారు. ఆ పని మాత్రం చేయనివ్వకండి.

వాళ్లు వెతుకుతున్నది రక్తం. పెద్దపేగు లోపలి గోడ మీద పాలిప్ అనే చిన్న కండ మొలుస్తుంది. అన్నీ కాదు గానీ కొన్ని మెల్లగా పెరిగి క్యాన్సరవుతాయి. అందుకు సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఈలోగా మలం రాసుకుంటూ పోయినప్పుడు అప్పుడప్పుడు కంటికి కనపడనంత రక్తం చిందుతుంది. మనిషికి నొప్పి ఉండదు, ఆకలి తగ్గదు, రోజూ బీచ్ రోడ్డులో వాకింగ్ చేస్తూనే ఉంటాడు. ఈ పరీక్ష పనికొచ్చేది ఆ దశలోనే. పాలిప్ దశలో దొరికితే కోలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేస్తూనే సాధారణంగా వైరు ఉచ్చు వేసి కోసి తీసేస్తారు, ఆ పాలిప్ క్యాన్సరయ్యే ప్రమాదం తప్పుతుంది. క్యాన్సరయినా మొదటి దశలో పట్టుకుంటే పదిమందిలో తొమ్మిదిమంది అయిదేళ్ల తర్వాత కూడా బతికుంటున్నారు. నాలుగో దశలో లెక్క ఇంచుమించు తిరగబడుతుంది.

మన వైజాగు బుర్రలో వెంటనే లేచే ప్రశ్న: ‘నిన్న వంజరం వేపుడు తిన్నాను, మొన్న మటన్ తిన్నాను, ఆ రక్తం తగలదా?’ తగలదు. పాత రకం పరీక్షలో ఆ గొడవ ఉండేది. మాంసం, కొన్ని పచ్చి కూరలు తిన్నా రక్తం ఉన్నట్టు చూపించేది. ఇంగ్లండులో 2019 నుంచి వాడుతున్నది ఫిట్ అనే పరీక్ష. అది మనిషి హిమోగ్లోబిన్‌ని మాత్రమే పట్టుకుంటుంది. చేప, మేక, కోడి దానికి లెక్కలేదు. బీట్‌రూట్ తింటే ఎర్రగా పడ్డా, ఐరన్ మాత్రలకి నల్లగా పడ్డా దానికి పట్టదు. పథ్యం ఏమీ లేదు. గుండెకి ఆస్పిరిన్ లాంటివి వేసుకునేవాళ్లు సొంతంగా ఆపేయొద్దు.

ఇక చేసే విధానం. సిగ్గుపడి అందరూ ఇక్కడే దాటేస్తారు కాబట్టి విప్పి చెబుతాను. మలం టాయిలెట్ నీళ్లలో పడకూడదు, మూత్రం కలవకూడదు. ముందు మూత్రానికి వెళ్లి రావాలి. ఖాళీ అయిన ఐస్‌క్రీం డబ్బా ఒకటి శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, లోపల టిష్యూ పేపరు పరిచి కింద పట్టుకోవడం అన్నిటికన్నా సులువు. చెంబు, మగ్గు వాడకం మలం తీసుకున్నాకే. సీసా మూత తిప్పి లాగితే దానికే అతుక్కుని సన్నటి పుల్ల వస్తుంది, కొసన గాళ్లుంటాయి. ఆ గాళ్లు నిండేంత వరకూ మలం మీద అక్కడక్కడా గీరితే చాలు. ముద్ద పెట్టి కూరక్కర్లేదు, ఎక్కువ పెడితే పరీక్ష పాడవుతుంది. పుల్లని మళ్లీ సీసాలో గుచ్చి, క్లిక్ మనేదాకా మూత నొక్కి, ఇక తెరవకూడదు. లోపలున్న నీళ్లు పారబోయకూడదు. సీసా మీద ఆ రోజు తేదీ రాయాలి. తేదీ లేని సీసాని ల్యాబువాళ్లు పరీక్షించరు, చాలా కిట్లు ఇందుకే వృథా అవుతాయి. స్టాంపు అంటించక్కర్లేని కవరు వాళ్లే ఇస్తారు, రోడ్డు మీది ఎర్ర డబ్బాలో వేసేయడమే. వేడికి హిమోగ్లోబిన్ చెడిపోతుంది, అందుకని ఎండాకాలంలో కార్లో వదిలేయొద్దు. సెలవుల్లో వైజాగు తెచ్చుకుని ఇక్కడ తీసి పట్టుకెళదామనుకున్న మహానుభావుడు కూడా ఒకాయన తగిలాడు నాకు. వద్దు బాబూ. నెలసరి రోజుల్లో తీయకుండా అది తగ్గాక తీసుకోమనండి.

ఫలితం రెండు వారాల్లో ఉత్తరంగా వస్తుంది. నూటికి దాదాపు 98 మందికి ‘ఇంకేమీ అక్కర్లేదు, మళ్లీ రెండేళ్లకి’ అని వస్తుంది. అంటే వాళ్లు గీసుకున్న గీత కన్నా రక్తం తక్కువుందని. అసలేమీ లేదని రాసిచ్చిన పత్రం మాత్రం కాదు. మిగతా వాళ్లని కోలనోస్కోపీకి పిలుస్తారు. పిలుపు రాగానే ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టొద్దు. అలా వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి పాలిప్పో, మొలలో, ఏమీ లేకపోవడమో తేలుతుంది. క్యాన్సర్ తేలేది కొద్దిమందికే. అయితే ఆ పిలుపుని కాదనుకుంటే మొదట సీసా పంపిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

కొత్తగా వెళ్లిన మనవాళ్లకి ఆ కోలనోస్కోపీ రోజున వచ్చే ఇబ్బందులు వేరు. ముందు రోజుల్లో పీచు లేని తిండి తినమంటారు. పప్పు, ఆకుకూర, గింజలున్న పళ్లు మానాలి. తెల్లన్నం, చేప, కోడిగుడ్డు ఫర్వాలేదు. వాళ్లిచ్చే కాగితంలో రొట్టె, బంగాళాదుంప తప్ప మన తిండి పేర్లు కనపడవు గనక చెబుతున్నాను. తర్వాత పేగు కడిగే పొడి నీళ్లలో కలిపి తాగాలి, ఆ పూట బాత్రూంకి దగ్గర్లోనే ఉండాలి. షుగరు, బీపీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే నర్సుకి చెప్పాలి. మత్తు ఇస్తే ఇంటికి తీసుకెళ్లడానికి మనిషి ఉండాలి, మర్నాటి దాకా తోడుండాలి. లేకపోతే మత్తు ఇవ్వరు. ఒంటరిగా ఉండేవాళ్లు ఈ సంగతి తెలీక ఆసుపత్రి దాకా వెళ్లి తిరిగొస్తారు. ఇంగ్లిషు రాని పెద్దవాళ్లకి దుబాసీని అడిగితే ఉచితంగా ఇస్తారు. కొడుకునో అల్లుడినో మధ్యలో పెట్టి ఈ విషయాలు మాట్లాడించడం నాకు నచ్చదు. పెద్దవాళ్లు సగం మింగేస్తారు.

మీకూ వస్తుందా అన్నారు. వస్తుంది, వెళ్లగానే జీపీ దగ్గర పేరు నమోదు చేయించుకుంటే. కిట్టు వచ్చేది జీపీ దగ్గరున్న చిరునామాకే, ఇల్లు మారినప్పుడల్లా వాళ్లకి చెప్పాలి. ఇంకోటి. మన తరంలో బడిలో వేసిన పుట్టినతేదీ వేరు, అసలు తేదీ వేరు. రెండు మూడేళ్లు తగ్గించి వేసినవాళ్లు కోకొల్లలు. అక్కడ లెక్క పాస్‌పోర్టు తేదీకే. అసలు వయసు ఎక్కువైతే పిలుపు ఆలస్యంగా వస్తుంది, అది మీరు మనసులో ఉంచుకోవాలి.

వేరే దేశాల్లో మీవాళ్లుంటే వాళ్లకీ చెప్పండి. అమెరికాలో 45 నుంచే మొదలుపెట్టమంటున్నారు, 2021 నుంచి. అక్కడ కవరు దానంతటదే వస్తుందని కూర్చోవద్దు, డాక్టర్ని అడగాలి. ఫిట్ అయితే ఏడాదికోసారి. చాలావరకు ఇన్సూరెన్సులు దీనికి చేతి డబ్బు అడగవు. విజిటర్ ఇన్సూరెన్సు మీద వెళ్లిన అమ్మానాన్నలకి ఇది వర్తిస్తుందనుకోవద్దు. ఆస్ట్రేలియాలో 50 నుంచి 74 దాకా పోస్టులో పంపుతారు, 45 దాటితే అడిగి తెప్పించుకోవచ్చు. అమ్మకో నాన్నకో, అన్నకో చెల్లికో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం ఏ దేశంలోనైనా సీసాతో సరిపెట్టుకోవద్దు. డాక్టరుకి ఆ మాట ముందే చెబితే అవసరాన్ని బట్టి చిన్న వయసులోనే కోలనోస్కోపీ చేయొచ్చు.

విశాఖలో ఉండిపోయిన పెద్దవాళ్లకి ఇలా పోస్టులో వచ్చే ఏర్పాటు లేదు. మన ప్రభుత్వం 30 దాటినవాళ్లకి చేసే క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గానీ పెద్దపేగు లేదు. ల్యాబులో మలంలో రక్తం పరీక్ష చేయించుకోవచ్చు. అది పాత రకమా, ఫిట్టా అని మాత్రం అడగండి.

ఇప్పుడు మీరు బ్రాకెట్లో పెట్టి ‘వేరే సంగతి’ అన్నదానికి వస్తాను. అది వేరే సంగతి కాదు, మీ ఉత్తరంలో అసలు సంగతి అదే. మన ఊళ్లో రక్తం పడితే మొలలు, కడుపు మారితే వేడి చేసింది, నీరసమైతే రక్తం తక్కువ. ఈ మూడు మాటలతో ఏళ్లు గడిపేస్తాం. కంచరపాలెంలో మా దగ్గరి చుట్టం ఒకాయన హిమోగ్లోబిన్ తగ్గిందని ఐరన్ టానిక్కు తాగుతూ కూర్చున్నాడు. పెద్దపేగు కుడివైపు గడ్డ ఉంటే రక్తం కళ్లకి కనపడదు, మనిషి పాలిపోతాడంతే. యాభై దాటిన మగవాడికి కారణం లేకుండా ఐరన్ తగ్గితే పేగు చూడాల్సిందే. ఆ మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పేసరికి లివరుకి పాకింది.

మీకు నిజంగా మొలలే అయి ఉండొచ్చు. కానీ మొలలున్నవాడికి లోపల ఇంకోటి ఉండదని ఎక్కడా రాసిలేదు, షాపు మందు ఆ రెంటికీ తేడా చెప్పదు. ఇంటికొచ్చే కిట్టు ఏ లక్షణాలూ లేనివాళ్ల కోసం. రక్తం పడుతున్నవాళ్లు దానికోసం ఎదురుచూడకూడదు. అక్కడికెళ్లి, జీపీ దొరికి, స్పెషలిస్టు దాకా వెళ్లేసరికి ఆలస్యం కావచ్చు. మీ చేతిలో రెండు నెలలున్నాయి. ఈ వారమే విశాఖలో మంచి గ్యాస్ట్రో డాక్టరుకి చూపించుకోండి. ఎప్పటినుంచి రక్తం పడుతోంది, బరువు తగ్గారా, మోషన్ తీరు మారిందా, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అన్నీ దాచకుండా చెప్పండి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) చూడమనండి. కోలనోస్కోపీ అవసరమంటే ఇక్కడే చేయించుకుని, రిపోర్టు, బయాప్సీ (చిన్న ముక్క తీసి ల్యాబులో చూడటం) చేస్తే ఆ కాగితం కూడా ఇంగ్లిషులో తీసుకుని చేతిబ్యాగులో పెట్టుకోండి, అక్కడి జీపీకి మొదటిరోజే ఇవ్వాలి. దీనికోసం విమానం టికెట్టు వెనక్కి జరపాల్సి వస్తే జరపండి, ఆవిడకి నేను చెప్పానని చెప్పండి.